ఆటలో లేని పిల్ల

ముప్పై ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మా ఆయనకు చెబుదామనుకున్నాను. చిన్నప్పుడు ఒక తప్పు చేశానని మొదలుపెట్టి, తీరా అసలు చోటికి వచ్చేసరికి, ఎవరిదో రంగుపెన్సిలు తీసుకున్నట్టు అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ రోజునుంచి బరువు ఒకటి కాస్తా రెండైంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది. మధ్యమధ్య తడబడితే కాస్త ఓపిక పట్టండి.

ముందు ఒక సంగతి. మా ఇంట్లో నాకొక పేరుండేది. అబద్ధం చెప్పని పిల్ల. చుట్టాలొస్తే మా నాన్న అదే చెప్పి మురిసిపోయేవాడు. అది నిజమే, ఒక లెక్కన. నేను అబద్ధం చెప్పేదాన్ని కాదు, మాటల్ని ఏరుకునేదాన్ని. పాలు తాగావా అని అమ్మ అడిగితే, సగం తాగి సగం తులసి కుండీలో పోసి, "గ్లాసు ఖాళీ చేసిన" అనేదాన్ని. అందులో అబద్ధం ఎక్కడుంది? ఆ వయసులో నాకు కనిపించలేదు. కనిపించలేదా, చూడదలచుకోలేదా? ఇలాంటి ప్రశ్నలు వేసుకోవడంలో నా సగం జీవితం పోయింది.

తొంభైల మొదట్లో మేం అశోక్‌నగర్‌లో ఒక సందులో ఉండేవాళ్ళం. చిక్కడపల్లి మార్కెట్‌కు నడిచే దూరం. బడి నారాయణగూడలో. పొద్దున్నే ఒకే రిక్షాలో ఆరుగురం ఇరుక్కుని వెళ్ళేవాళ్ళం. నాన్నది సర్కారు కొలువు. సందులో నీళ్ళ దగ్గర పేచీ వచ్చినా, గోడ దగ్గర గొడవ వచ్చినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన ఏది చెబితే అది. ఇంట్లో మాత్రం నానమ్మ ఏది చెబితే అది.

మా పక్కింటివాళ్ళు పాత ఇల్లు పడగొట్టించి, స్థలాన్ని ఒక బిల్డరుకు అపార్టుమెంట్లు కట్టడానికి ఇచ్చారు. పనికి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కూలీలు వచ్చారు. అందరూ వాళ్ళను పాలమూరోళ్ళు అనేవాళ్ళు. వాళ్ళలో ఒక కుటుంబం అక్కడే రేకుల షెడ్డు వేసుకుని ఉండిపోయింది. లచ్చమ్మ ఇసుకా ఇటుకా మోసేది. ఆమె మొగుడు కిష్టయ్య పగలు సిమెంటు కలిపి, రాత్రి ఇనుమూ సిమెంటు బస్తాలూ కాపలా కాసేవాడు. వాళ్ళ కూతురు బాలమణి. నా ఈడుదే, తొమ్మిదేళ్ళు. బడికి పోయేది కాదు.

వాళ్ళతో ఆడొద్దని నానమ్మ మొదటిరోజే చెప్పింది. కారణం అడిగితే పేలు ఎక్కుతాయంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది కూడా. లచ్చమ్మ మంచినీళ్ళడిగితే నానమ్మ ప్రహరీగోడ మీంచి వంగి దోసిట్లో పోసేది. ఎదురింటావిడ అడిగితే లోపలికి పిలిచి గ్లాసులో ఇచ్చేది. నేను రెండూ చూశాను. పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పరు. ఎవరికి గ్లాసో, ఎవరికి దోసిలో చూసి వాళ్ళే నేర్చుకుంటారు. రిక్షా అతను తాతయ్య వయసువాడైనా "వాడు" అనొచ్చని, పోస్టుమాన్‌ను మాత్రం "ఆయన" అనాలని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళకే నాకు అన్నీ తెలుసు.

ఇంకా విచిత్రం వినండి. బాలమణి మాట మాకు నవ్వొచ్చేది. వస్తి, పోతి, తింటి అనేది. వెతకడాన్ని దేవులాడడం అనేది. మేం ఆ పిల్ల వెనక చేరి ఆ మాటల్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. కానీ మా నానమ్మ కూడా అచ్చం అలాగే మాట్లాడేది. కళ్ళజోడు కనబడకపోతే పొద్దంతా దేవులాడిన అనేది. నానమ్మ అంటే అది ముచ్చట, బాలమణి అంటే మొరటు. ఒకే మాట రెండు నోళ్ళలో రెండు మాటలెలా అయిందని ఆ రోజుల్లో నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

సాయంత్రాలు మేం సందులో దాగుడుమూతలు ఆడేవాళ్ళం. ఎదురింటి రవి, వాడి చెల్లెలు శైలజ, నేను, ఇంకో ఇద్దరు. బాలమణి ఇసుక కుప్ప మీద కూర్చుని చూసేది. రోజూ చూసేది. ఒకరోజు దగ్గరికి వచ్చి నేనూ ఆడతానంది. నాకు ఇరకాటమైంది. ఆ పిల్లంటే నాకు ఇష్టమే, అది కూడా చెప్పాలి. పరుగులో మా అందరికన్నా చురుకు. కానీ నానమ్మ మాట ఉంది, నాకున్న పేరు ఉంది. అప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. ఆటలో అరటిపండు.

మీకు తెలిసే ఉంటుంది. మరీ చిన్నపిల్లలు ఆడతామని ఏడిస్తే వాళ్ళను అరటిపండు చేస్తాం. పరుగెత్తొచ్చు, దాక్కోవచ్చు, కానీ లెక్కలోకి రారు. దొరికినా ఔట్ కారు, ఎప్పుడూ దొంగ కారు. రెండేళ్ళ పిల్లలకు చేసే ఆ ఏర్పాటు నేను తొమ్మిదేళ్ళ బాలమణికి చేశాను. అరటిపండు ఆటలో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. నానమ్మ మాట దాటినట్టూ కాదు. నా తెలివికి నేనే పొంగిపోయాను. ఎప్పటికీ దొంగవు కానక్కర్లేదని చెబితే బాలమణి అదేదో తనకు పెద్దపీట వేశాం అనుకుంది. ఆ సాయంత్రం లచ్చమ్మతో సంబరంగా చెప్పుకోవడం గోడ ఇవతల నాకు వినిపించింది.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. బాలమణి రోజూ దాక్కునేది. ఎవరూ వెతికేవాళ్ళు కాదు. అందరూ దొరికాక తనంతట తనే బయటికి వచ్చి నవ్వేది. తరువాత తరువాత ఆ నవ్వు తగ్గింది. ఒక సాయంత్రం నా ఒక్కదాని దగ్గరికి వచ్చి, "నన్నెందుకు దేవులాడరు మీరు?" అని అడిగింది.

ఆ క్షణంలో నిజం చెప్పి ఉండొచ్చు. నువ్వు లెక్కలో లేవు కాబట్టి, అని. చెప్పి ఉంటే ఏడ్చేది, తిట్టేది, మాతో ఆడటం మానేసేది. అంతే కదా. కానీ నాకు సిగ్గనిపించింది. సిగ్గును కప్పిపుచ్చుకోవడానికి, నువ్వు సరిగ్గా దాక్కోవడం లేదు, ఇట్టే కనిపించిపోతావు, అందుకే వెతకనక్కర్లేదు అన్నాను. బాలమణి తల ఊపింది. రేపు చూడు అన్నట్టుగా ఊపింది. ఈ మాట మా ఇద్దరి మధ్యే జరిగింది. ఇది నేను కాక ఇంకొకరికి తెలుసంటే, అది ఆమెకే.

మరునాడు దొంగను నేను. కరెంటు స్తంభానికి మొహం ఆనించి అంకెలు లెక్కపెడుతూ వేళ్ళ సందులోంచి చూశాను. అందరం అలా చూసేవాళ్ళమే. బాలమణి ఇసుక కుప్ప దాటి, కడుతున్న అపార్టుమెంటు మెట్లెక్కుతూ కనిపించింది. పనివాళ్ళు వెళ్ళిపోయారు. అక్కడికి మేమెవరమూ పోకూడదని ఇళ్ళల్లో గట్టిగా చెప్పి ఉంచారు. నేను లెక్క ముగించి వెళ్ళి రవిని పట్టుకున్నాను, శైలజను పట్టుకున్నాను, మిగతా ఇద్దర్నీ పట్టుకున్నాను. ఆట అయిపోయింది. మబ్బు పట్టింది, చదువుకునే వేళయింది, ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం. పైకి చూశానా? చూశాను. పిలిచానా? లేదు.

కాళ్ళు కడుక్కున్నాను. అటుకులు తిన్నాను. ఎక్కాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. దిగే ఉంటుంది అనుకున్నాను. చినుకులు మొదలయ్యాయి. ఇంకా దిగలేదేమో అనుకున్నాను. పదహారో ఎక్కం సగంలో ఉండగా లచ్చమ్మ పిలుపు వినిపించింది. బాలీ, ఓ బాలీ అని. మొదట మామూలుగా, అన్నానికి పిలిచినట్టు. కాసేపటికి సందు చివర నుంచి. ఆ తరువాత మళ్ళీ దగ్గర్లో, ఈసారి గొంతు మారిపోయి. నేను లేచి కిటికీ దాకా వెళ్ళాను. ఒక్క మాట చాలు, మెట్లెక్కి పైకి పోయింది అని. కానీ ఆ మాట అంటే, నీకెలా తెలుసని నానమ్మ అడుగుతుంది. వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఎక్కం మళ్ళీ మొదటి నుంచి చదివాను. పైకి చదివాను, పిలుపు వినబడకుండా.

ఎంతసేపు? ఇదే నన్ను తినేసే ప్రశ్న. ఒక్కోసారి పది నిమిషాలే అని సర్దిచెప్పుకుంటాను. కానీ లచ్చమ్మ మూడు సందులు తిరిగి వచ్చిందని తరువాత విన్నాను. మూడు సందులు తిరగడం పది నిమిషాల్లో అయ్యేది కాదు. అంతసేపూ ఆ పిల్ల ఎక్కడుందో ఈ ప్రపంచంలో తెలిసినది నాకొక్కదానికే.

బాలమణి మూలుగు విని కిష్టయ్యే కనుక్కున్నాడు. రెండో అంతస్తులో, లిఫ్టు కోసం వదిలిన ఖాళీకి అడ్డంగా చెక్కలు నిలబెట్టి ఉన్నాయి. ఆ చెక్కల వెనక, అంచు మీద నక్కింది. చక్కగా దాక్కుంది. మాలో ఎవరమూ కనుక్కోలేని చోటది. ఒక చెక్క జారి, చెక్కతో పాటు కింద పడింది. తొడ ఎముక విరిగింది. ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోతుంటే నేను తలుపు సందులోంచి చూశాను. ఏడవడం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మరునాడు పొద్దున మా గేటు ముందు జనం చేరారు. రాత్రంతా దవాఖానలో ఉండి వచ్చిన లచ్చమ్మ, బిల్డరు, ఇరుగుపొరుగు. కాలికి ఆపరేషను చేసి రాడ్డు వేయాలని, లేకుంటే ఎముక వంకరగా అతుక్కుంటుందని డాక్టరు అన్నాడట. అది వాళ్ళ తాహతుకు మించిన పని. బిల్డరు తనకేం సంబంధం లేదన్నాడు. కూలీల పిల్లలు ఇనుప ముక్కలు ఏరుకుని అమ్ముకోవడానికి పైకెక్కుతారు, ఇదీ అంతే అన్నాడు. లచ్చమ్మ కాదంది. సందులో పిల్లలతో దాగుడుమూతలు ఆడుతూ పోయానని తన బిడ్డ చెప్పిందంది. అప్పుడు మా నాన్న ఒక మాటన్నాడు, అందరూ వినేలా. మా పిల్లలు ఆడటానికి పిలిస్తేనే ఆ పిల్ల వచ్చి ఉంటే వైద్యం భారం మాది, ఈ సందులో ప్రతి ఇల్లూ తలా ఇంత వేసుకుంటుంది, బిల్డరు చేతా పెట్టిస్తాను అన్నాడు. ఆయన అన్నాడంటే చేసేవాడే. ఆ తరువాత నన్ను పిలిచాడు.

పక్కన నానమ్మ నిలబడి ఉంది. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. గద్దించలేదు. ఆ మెత్తదనమే ఇప్పటికీ నా భుజానికి తెలుస్తుంది.

"నిజం చెప్పు బిడ్డా. నిన్న బాలమణి మీతోని ఆడిందా?"

నేను మాట ఏరుకున్నాను. నా దగ్గర ముందే తయారుగా ఉంది.

"మా ఆటల లేదు నాన్నా."

రవి నావైపు చూశాడు. వాడికి అర్థమైంది. వాడూ లేదన్నట్టు తలాడించాడు, వాడి వెనక శైలజా. ఎవరూ మమ్మల్ని కూడబలుక్కోమని చెప్పలేదు. ఆ ఒక్క చూపుతో మేమంతా ఒకటైపోయాం. మా వైపు, వాళ్ళ వైపు అని గీత ఉందని అప్పటిదాకా ఎవరమూ నోటితో అనలేదు. ఆ పూట ఆ గీతకు ఇవతల నిలబడటం ఎంత హాయిగా, ఎంత భద్రంగా అనిపించిందో చెప్పడానికే సిగ్గేస్తోంది.

నాన్న లచ్చమ్మవైపు తిరిగాడు. "మా బిడ్డ అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు.

లచ్చమ్మ గొడవపడుతుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఎదురుచూశాను కూడా. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఉతికిన గౌను, నూనె రాసి వేసిన రెండు జడలు. చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"పెద్దింటి పిల్ల, ఆమెకేం పట్టింది సారూ అబద్ధమాడనీకి. మా పోరే దెబ్బకు సోయి లేక ఏందేందో అంటున్నది."

విన్నారా? కన్నతల్లి కూడా నా మాటే నమ్మింది. నావాళ్ళు అబద్ధమాడరని, వాళ్ళవాళ్ళు ఆడతారని నేను నమ్మడంలో వింత లేదు. అలాంటి ఇంట్లో పెరిగాను. కానీ ఆమె కూడా అదే నమ్మింది. ఎక్కడ నేర్చుకుంది ఆమె? ఎవరి గోడ పక్కన దోసిలి పట్టి నిలబడి నేర్చుకుంది?

ఆపరేషను జరగలేదు. పిండికట్టు వేసి పంపించారు. రెండు నెలలు బాలమణి ఆ రేకుల షెడ్డులో మంచం మీదే ఉంది. మా గోడకు అవతలే. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. ఆటలు మా సందులోంచి పక్క సందులోకి మార్చుకున్నాం. ఎందుకు మార్చామో ఎవరమూ మాట్లాడుకోలేదు. కట్టు విప్పాక ఒక కాలు పొట్టిదైంది. లచ్చమ్మ చెయ్యి పట్టి నడిపిస్తుంటే ఒక పక్కకు ఒరిగిపోయి నడిచేది. నేను మేడ మీద బట్టలు తీస్తూ చూశాను.

స్లాబులన్నీ అయిపోయాక వాళ్ళు ఊరికి పోతూ మా ఇంటికొచ్చారు. నేను అసలు చెప్పడానికి కూర్చున్నది ఇది. ఇందాకటి నుంచీ చెప్పినవన్నీ దీని ముందు తేలికే. లచ్చమ్మ బాలమణిని గేటు దగ్గర నిలబెట్టింది. నాన్నకు దండం పెట్టి, పిల్ల తెలియక మీ బిడ్డ మీద చాడీ చెప్పింది, మనసులో పెట్టుకోవద్దు, రేపు మళ్ళీ ఇటువైపు పనికొస్తే మీలాంటివాళ్ళ మాటసాయం కావాలి అంది. కూతుర్ని ముందుకు తోసింది. బాలమణి నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఈ పాటికి మరిచిపోయేదాన్నేమో. మేం నేర్పిన ఆట నియమాన్ని తను సరిగ్గా చెబుతోందో లేదో నన్ను అడుగుతున్నట్టుగా చూసింది.

"తప్పయింది. నేను మీ ఆటల లేకుంటి" అంది.

నాన్న, నానమ్మ, లచ్చమ్మ ముగ్గురూ నావైపు చూస్తున్నారు. నేను ఏదో ఒకటి అనాలి. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. నేను "పర్వాలేదు" అన్నాను. ఆ పిల్లను క్షమించాను. నానమ్మ మెచ్చుకుంటూ నా తల నిమిరింది. వాళ్ళు మూటలెత్తుకుని చిక్కడపల్లి వైపు నడిచి వెళ్ళిపోయారు.

ఆ తరువాత బాలమణిని చూడలేదు. వెతకలేదు కూడా. ఎందుకు వెతకలేదంటే నాకు తెలియదనను, తెలుసు. ఒకసారి పెళ్ళికని మహబూబ్‌నగర్ వెళ్ళాల్సి వచ్చింది. బస్టాండులో దిగినప్పటి నుంచి ఆడవాళ్ళ నడకలే చూస్తూ నడిచాను. ఒకామె ఒరుగుతూ నడవడం చూసి స్తంభం చాటుకు తప్పుకున్నాను. నా వయసామె కాదు, ముసలావిడ. అయినా ఆమె దాటిపోయేదాకా బయటికి రాలేదు.

నేనిప్పుడు ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. మొన్న ఒక పిల్లాడు కొత్తగా చేరిన వాడికి బెంచీ మీద చోటివ్వలేదు. ఎందుకురా అంటే, "వాళ్ళు వేరే, టీచర్" అన్నాడు. వేరే అంటే ఏమిటి అంటే, వేరే అంటే వేరే అన్నాడు. ఆరేళ్ళవాడు. వాడిని మందలించాలి, అది నా పని. అది మానేసి, ఆ కొత్త పిల్లాడిని తీసుకొచ్చి నా కుర్చీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. అది సరైన పనో కాదో ఇప్పటికీ తెలియదు. బహుశా వాడిని ఇంకాస్త వేరే చేశానేమో.

నాన్నకు డెబ్భై ఎనిమిది. ఇప్పటికీ మనవరాళ్ళ ముందు నా గురించి ఆ పాత మాటే చెబుతాడు. ప్రతిసారీ, ఈసారి చెప్పేస్తాను అనుకుంటాను. ఆయన ఆ రోజు ఇచ్చిన మాట, నేను చెప్పిన జవాబు నమ్మి ఆయన వెనక్కి తీసుకున్న మాట గుర్తొస్తుంది. ఈ వయసులో ఆయన చేతుల్లో అది పెట్టాలా? లేక ఇది కూడా నేను ఏరుకున్న మాటేనా?

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. చిన్నపిల్లవు కదా అని ఓదార్చబోతే ఆగండి. క్షమించడం ఎంత సులువో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడే ఒకసారి చేశాను, ఏ తప్పూ చేయని మనిషిని. నాకు కావలసింది ఒక్కటే, ఈ మాటలు నా గొంతు దాటి ఎవరో ఒకరి చెవిన పడాలి.

బాలమణి అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఆ పిల్ల మాతోనే ఆడింది. సరిగ్గా దాక్కోవడం లేదని నేనంటేనే అక్కడ దాక్కుంది. ఎక్కడుందో నాకు తెలుసు, చెప్పలేదు. అబద్ధం చెప్పింది నేను.

అయిపోయింది. ఇంత చిన్న వాక్యాలకు నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.